రంగు లేని నీలం

దేవరకొండ దగ్గర్నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా చెలక గట్ల మీద జానెడు ఎత్తున తిరిగే చిన్న సీతాకోకచిలుక ఎగిరితే నీలం, వాలితే బూడిద. రెండూ ఒకటేనా?"

ఒకటే. వాలగానే రెక్కలు మూస్తుంది, బూడిదరంగు అడుగువైపు బయటపడుతుంది. అది బహుశా పేల్ గ్రాస్ బ్లూ. రెక్కలు విప్పినా అంగుళమే. పులిచింత మొక్క మీద గుడ్లు పెడుతుంది. దీన్ని పోలినదే లెసర్ గ్రాస్ బ్లూ. మూసిన వెనుక రెక్క మీది చుక్కల వరుస చూడండి: పేల్‌లో అది నున్నటి వంపు, లెసర్‌లో పైనుంచి రెండో చుక్క లోపలికి జరిగి ఉంటుంది.

ఇక ఆ నీలం సంగతి. అసలు ముచ్చట ఇదే!

రెక్కను తాకితే వేలికి అంటే పొడి అంతా పొలుసులే. ఈ నీలి సీతాకోకచిలుకల కుటుంబపు నీలి మగవాటి పొలుసుల్లో నీలం రంగు పదార్థం ఇసుమంతైనా లేదు. ఉన్నది కైటిన్ (పురుగుల పెంకులో ఉండే గట్టి పదార్థం) పొరలు, వాటి మధ్య గాలి సందులు. కైటిన్, గాలి, మళ్ళీ కైటిన్. ఒక్కో జత మందం మిల్లీమీటరులో దాదాపు ఐదువేలో వంతు. ప్రతి పొర దగ్గరా కాస్త వెలుగు వెనక్కి తిరుగుతుంది. ఆ దూరానికి సరిపడే నీలి తరంగాలు ఒకదానికొకటి తోడై బలపడతాయి. మిగతా రంగులు కిందికి దిగి మెలనిన్ అనే నల్లటి రంగు పదార్థంలో ఇంకిపోతాయి. వాన నీటి మీద పెట్రోలు తెట్టుకు రంగులొచ్చేదీ ఈ వ్యతికరణం వల్లనే. చచ్చి పడిన సీతాకోకచిలుక రెక్క మీద ఒక చుక్క స్పిరిట్ వేయండి. గాలి సందులు నిండగానే ఆ నీలం మాయమవుతుంది, ఆరగానే తిరిగొస్తుంది!

నెమలి ఈకల రంగులకు పలుచని పొరలే కారణమని న్యూటన్ 1704లోనే రాశాడు. అయినా 1911లో భౌతిక శాస్త్రవేత్త మైకెల్సన్ పురుగుల మెరుపు రంగులు చాలావరకు లోహాల మెరుపు లాంటివేనన్నాడు. కాంతి వ్యతికరణంతోనే కొలతలు కొలిచి 1907లో నోబెల్ అందుకున్న మనిషి, దాన్ని రెక్క మీద గుర్తుపట్టలేదు! మరో భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రాలే ఆయన మాట ఒప్పుకోలేదు. 1942లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద అమెరికా ఖండపు మార్ఫో సీతాకోకచిలుక రెక్క పొరలు కనపడ్డాక వాదన తీరింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది హంగరీ వాళ్ళు 2012లో ప్రచురించిన పని. బుడాపెస్ట్ దగ్గర ఒకే పచ్చికలో ఎగిరే 9 నీలి జాతుల మగవాటి రంగులు కొలిచారు. వాటిలో యూరప్ అంతటా తిరిగే కామన్ బ్లూ కూడా ఉంది. మన కంటికి అన్నీ నీలమే, కానీ ప్రతి జాతి పొరల అమరికా వేరు, నీలమూ వేరు. ఆ తేడాతోనే జాతిని గుర్తించవచ్చని తేల్చారు.

దీనివల్ల ఉపయోగమేమిటని తప్పకుండా అడుగుతారు. వెలిసిపోని పెయింట్లు, ఆవిరులను పసిగట్టే పరికరాలు అంటున్నారు. రానివ్వండి. అవి రాకపోయినా ఈ నీలం తెలుసుకోదగ్గదే.

ఒక్క విన్నపం. గట్ల మీద గడ్డిమందు కొడితే పులిచింత పోతుంది, దాంతోపాటు ఈ సీతాకోకచిలుకా పోతుంది. పంట లేని గట్టునైనా వదిలేయండి.