గడ్డే కదా అని తీసిపారేయకండి

నాది ఇంగ్లిష్ మీడియం చదువు. 'స్ట్రా' అంటే నాకు ముందు గుర్తొచ్చేది కూల్‌డ్రింక్‌లో వేసుకునేదే! కానీ మా మంచిర్యాల చుట్టూ ఊళ్లల్లో అది వరిగడ్డి, బర్రెలకి ఏడాదంతా తిండి. మా పెద్దనాన్న వాళ్ల కొట్టం చూశాక దీని గురించి కొంచెం చదివాను. నాకు అర్థమైంది ఒక్కటే: గడ్డి మంచిదా చెడ్డదా అని తేల్చేది తేమ.

ఇదివరకు చేత్తో కోసి, ఎండబెట్టి, వాము వేసేవాళ్లు. ఇప్పుడు కోత మిషన్ వదిలేసిన గడ్డిని బేలర్ గట్టిగా కట్టలు కట్టేస్తుంది. వాన తడి ఆరకముందే కట్టలు కడితే లోపల సూక్ష్మజీవులు పెరుగుతాయి, వేడి పుడుతుంది. గట్టి కట్టలోంచి ఆ వేడి బయటికి పోలేదు. కొన్ని రోజులకో వారాలకో దానంతటదే అంటుకోవచ్చు. సింగరేణి పిల్లలకి ఇది వింతేం కాదు. నిల్వ ఉన్న బొగ్గు కుప్ప కూడా అగ్గిపుల్ల లేకుండానే రాజుకుంటుంది కదా! అక్కడ గాలిలోని ఆక్సిజన్‌తో బొగ్గు చర్య జరిపి వేడెక్కుతుంది, గడ్డిలో ఆ పనిని సూక్ష్మజీవులు మొదలుపెడతాయి.

నిప్పు అంటుకోకపోయినా బూజు పడుతుంది. బూజు పట్టిన వరిగడ్డి తిన్న బర్రెలకి డెగ్నాలా అనే జబ్బు వస్తుంది. తోక, చెవులు, కాళ్ల చివర్లు కుళ్లిపోతాయి. ఎక్కువగా చలికాలంలో కనిపిస్తుంది.

గుర్రం ఇంకా సున్నితం. మన దగ్గర గుర్రం అంటే పెళ్లి బారాత్‌లోదే అనుకోండి, దానికీ కింద పరుపు గడ్డే. గుర్రం నోటితో గాలి పీల్చలేదు, ముక్కుతోనే పీల్చాలి. బూజు దుమ్ము మీద నిలబెడితే ఊపిరితిత్తులు పాడై ఆస్తమా లాంటి జబ్బు వస్తుంది. మూత్రంతో తడిసిన పరుపు తీయకపోతే అమ్మోనియా ఘాటు దానికి తోడవుతుంది. ఒట్టి గడ్డే ఎక్కువ మేసి, నీళ్లు సరిగ్గా తాగకపోతే పేగుల్లో అడ్డుపడి కడుపునొప్పి వస్తుంది.

వరిగడ్డిలో ప్రొటీన్ 3-4 శాతమే. అందుకే 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా సుమారు 50 లీటర్ల నీళ్లలో కలిపి చల్లి, గాలి చొరకుండా కప్పి 21 రోజులు ఉంచుతారు. ఘాటు పోయేదాకా ఆరబెట్టాకే పెద్ద పశువులకి పెడతారు. ఆరు నెలల లోపు దూడలకి పెట్టకూడదు. గుర్రానికి అసలే వద్దు. బర్రె పొట్టలోని మొదటి గదిలో ఉండే సూక్ష్మజీవులు యూరియాని ప్రొటీన్‌గా మార్చుకుంటాయి, గుర్రానికి ఆ గదే లేదు.

కొనేముందు ఓ కట్ట విప్పి చూడండి. పసుపు రంగులో ఉండి, పొడి వాసన వస్తే మంచిదే. మక్కిన వాసన, తెల్ల మచ్చలు, దులిపితే పొగలా దుమ్ము కనిపిస్తే వద్దు. అది మేతకే కాదు, పరుపుకి కూడా పనికిరాదు. కుప్ప మీద అనుమానం వస్తే ఇనుప చువ్వ లోపలికి గుచ్చి, పావుగంట ఆగి తీసి చూడండి. పట్టుకోలేనంత వేడిగా ఉంటే కుప్ప ఎక్కొద్దు, విప్పొద్దు. గాలి తగిలితే భగ్గుమంటుంది. పశువుల్ని దూరంగా తోలి, 101కి ఫోన్ చేయండి.