కొర్బాను అనకండి: వృద్ధులైన తల్లిదండ్రులకు చట్టము ఇచ్చిన రక్షణ

(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగము: మార్కు 7:9-13)



కొన్ని సంవత్సరాల క్రితం ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత ఒక వృద్ధ తల్లి నా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, నా కోసం ప్రార్థన చేయండి" అన్నది. భర్త చనిపోయిన తరువాత ఆమె ఇల్లు కొడుకు పేర రాసి ఇచ్చింది. ఏడాది తిరగకముందే ఆమె మంచం వరండాలోకి వచ్చింది. బి.పి. మాత్రలు అయిపోతే అడగడానికి కూడా భయం. ఆ కొడుకు మన సంఘస్థుడే, కానుకలు ఇవ్వడంలో ముందుండేవాడు. నేను ప్రార్థన చేసి, "ఓర్చుకో అమ్మా, దేవుడు చూస్తున్నాడు" అని పంపించాను. దేవుడు నన్ను కూడా చూస్తున్నాడన్న సంగతి ఆ రోజు మరచిపోయాను.

యేసుప్రభువు కాలంలో కొందరు తమ ఆస్తిని కొర్బాను, అంటే దేవునికి అర్పితము అని చెప్పి, ఆ మాట చాటున తల్లిదండ్రులను పోషించకుండా తప్పించుకునేవారు. ప్రభువు ఆ భక్తిని అంగీకరించలేదు. అది దేవుని ఆజ్ఞను పక్కకు నెట్టడమేనని గద్దించాడు. అమ్మకు అన్నం పెట్టని చేయి కానుక పెట్టెలో ఎంత వేసినా ఏమి ప్రయోజనం?

మన దేశంలో 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము వచ్చింది. ఇది అన్ని మతాల వారికీ వర్తిస్తుంది గనుక క్రైస్తవులమైన మనకూ వర్తిస్తుంది. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు కుమారుల మీద, కుమార్తెల మీద, పెద్దవారైన మనుమల మీద పోషణ కోరవచ్చు. పిల్లలు లేని 60 ఏళ్లు దాటినవారు తమ ఆస్తిని అనుభవిస్తున్న, లేక ముందు పొందబోయే బంధువులను అడగవచ్చు. మన తెలుగు రాష్ట్రాలలో ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవాలి. లాయరును పెట్టుకోనక్కరలేదు. నడవలేనివారి తరఫున వారు అధికారమిచ్చిన మరొకరు అర్జీ ఇవ్వవచ్చు. నోటీసు అందిన తరువాత 90 రోజులలో తేల్చాలని చట్టం చెబుతుంది. నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించవచ్చు. వృద్ధులను కావాలని ఎక్కడో దిక్కు లేకుండా వదిలేస్తే 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

"అయ్యగారూ, విశ్వాసులు ఒకరి మీద ఒకరు వ్యాజ్యెమాడకూడదు కదా?" అని మీరు అడగవచ్చు. కొరింథీయులకు పౌలు అలా రాసిన మాట నిజమే. అక్కడ ఒకరినొకరు మోసగించుకుంటూ సొంత లాభం కోసం కలహించేవారిని ఆయన గద్దించాడు. అదే పౌలు తనకు అన్యాయం జరగబోయినప్పుడు కైసరు ఎదుట చెప్పుకొందునన్నాడు (అపొ. 25). పైగా ఈ చట్టమే రాజీకి తలుపు తెరిచి ఉంచింది. విచారణకు ముందు ట్రిబ్యునల్ ఇరువైపులవారినీ ఒక రాజీ అధికారి దగ్గరకు పంపవచ్చు. తల్లి అడిగేది పగ కాదు, పట్టెడన్నం.

ఇప్పుడు ఆస్తి రాసి ఇవ్వబోయే పెద్దలు జాగ్రత్తగా వినండి. "నన్ను చూసుకోవాలి" అన్న షరతు మీద ఆస్తి ఇచ్చినప్పుడు, తీసుకున్నవారు చూడకపోతే, ఆ దస్తావేజును రద్దు చేయమని 23వ సెక్షను కింద అడగవచ్చు. చట్టం అమలులోకి వచ్చిన తరువాత రాసినవాటికే ఇది వర్తిస్తుంది. కానీ ఆ షరతు ఉన్నట్టు చూపించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో అదే కోర్టు ఆమె ఇచ్చిన దానపత్రం రద్దును సమర్థించింది. కడవరకు చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన కాగితం ఆమె చేతిలో ఉంది. కాబట్టి ఆ ఒక్క వాక్యం దస్తావేజులోనే రాయించండి. అది ప్రేమ లేకపోవడం కాదు. మన ప్రభువు సిలువ మీద వేదనలో ఉండి కూడా తన తల్లిని ఎవరికి అప్పగిస్తున్నాడో అందరి ఎదుట స్పష్టంగా చెప్పాడు (యోహాను 19).

సంఘ పెద్దలారా, స్త్రీల కూడిక సహోదరీలారా, ఇంటి గుట్టు అని మనం మౌనంగా ఉంటే ఆ వరండాలోని మంచం మనల్ని ప్రశ్నిస్తుంది. మొదట ఆ ఇంటికి వెళ్లి కొడుకుతో, కోడలితో మాట్లాడండి. వినకపోతే ఆ తల్లిని వెంటబెట్టుకొని ఆర్డీవో ఆఫీసుకు వెళ్లండి. వృద్ధుల సహాయం కోసం 14567 నంబరు ఉంది, దానిని సంఘ నోటీసు బోర్డు మీద రాసి పెట్టండి.

ఆ తల్లి మరల వచ్చినప్పుడు నేను ప్రార్థనతో ఆగలేదు. ఆమె దస్తావేజులో షరతు లేదు గనుక ఇల్లు తిరిగి రాలేదు. అయితే అర్జీ మీద నోటీసు వెళ్లాక కొడుకు రాజీకి వచ్చాడు. నెలనెలా మందులకు, భోజనానికి డబ్బు అందుతోంది, మంచం లోపలి గదిలోకి వెళ్లింది. మొదటి ఆదివారమే నేను లేచి వెళ్లి ఉంటే ఆమెకు ఒక చలికాలం తప్పేది.

ప్రార్థన చేద్దాం. పరలోకమందున్న తండ్రీ, మమ్మల్ని పెంచిన చేతులను మరచిన మా పాపమును క్షమించుము. మాట్లాడలేని వృద్ధుల పక్షమున నిలువబడే ధైర్యము నీ సంఘమునకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.