ఎలుకకు మందు పట్టించడం ఎలా?

చంటిపిల్లలకు మందు పట్టించడం ఎంత కష్టమో మీరు చూసే ఉంటారు. ఒకరు చేతులు పట్టుకుంటారు, ఇంకొకరు ఉగ్గుగిన్నె నోటి దగ్గర పెడతారు. పిల్లవాడు సగం మింగి సగం ఉమ్మేస్తాడు. అరచేతిలో ఇమిడే ఎలుక దగ్గర ఈ బలవంతం పనికిరాదు. గింజుకుంటున్న ఎలుక నోట్లో మందు పోస్తే అది శ్వాసనాళంలోకి పోవచ్చు. అలా పోతే ఊపిరితిత్తులు దెబ్బతిని, ఆ చిన్న ప్రాణి చనిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఎలుక తనంతట తానే మందు తీసుకోవాలి. అలా తీసుకొనేటట్లు చేయడం సాధ్యమే. అయితే, ముందుగా అది దేన్ని ఎందుకు తింటుందో, దేన్ని ఎందుకు మానుతుందో తెలుసుకోవాలి.

చాలా దేశాల్లో ఇళ్లలో పెంచుకొనే ఎలుకలు, ప్రయోగశాలల్లోని తెల్ల ఎలుకలు ఒకే జాతికి చెందినవి. వీటి ఆయుర్దాయం రెండు మూడేళ్లు. వీటికి తరచుగా వచ్చేది ఊపిరితిత్తుల జబ్బు. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి దీనికి ముఖ్య కారణం. తుమ్ములు, ఊపిరి తీసేటప్పుడు గురగురమనే శబ్దం, కళ్ల చుట్టూ ఎర్రని చారలు కనిపిస్తాయి. ఆ ఎరుపు రక్తం కాదు. కంటి వెనుక ఉండే గ్రంథి నుంచి వచ్చే పార్ఫిరిన్ అనే రంగు పదార్థం. ఈ జబ్బుకు పశువైద్యుడు రాసే యాంటిబయాటిక్ మందును వారాల తరబడి ఇవ్వవలసి రావచ్చు. ఇలాంటి మందులు చాలావరకు చేదుగా ఉంటాయి. మొదటి రోజు ఎలాగో తాగించినా, రెండో రోజు ఎలుక మూతి తిప్పుకొంటే చికిత్స మధ్యలోనే ఆగిపోతుంది.

వాంతి చేసుకోలేని ప్రాణి

కుక్క, పిల్లి, మనిషి చెడిపోయిన పదార్థం తింటే వాంతి చేసుకొని బయటపడవచ్చు. ఎలుకకు ఆ అవకాశం లేదు. దాని జీర్ణాశయం, అన్నవాహికల నిర్మాణం అందుకు అనుకూలంగా ఉండదు. వాంతికి కావలసిన కండరాలను ఒకేసారి కదిలించే ఏర్పాటు దాని మెదడులోనూ లేదు. ఒకసారి మింగినదాన్ని వెనక్కు పంపలేదు కనుక, మింగే ముందే జాగ్రత్తపడుతుంది. కొత్త పదార్థం కనబడితే ముందు వాసన చూస్తుంది. తరువాత ఒక్క ముక్క కొరికి ఊరుకుంటుంది. ఒంట్లో ఏ బాధా కలగకపోతే ఇంకోసారి వచ్చి మరికొంత తింటుంది. బాధ కలిగితే ఆ రుచి జోలికి మళ్లీ పోదు.

రుచికీ జబ్బుకీ ముడి

ఈ సంగతిని 1955లో జాన్ గార్సియా అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ప్రయోగం చేసి నిరూపించారు. ఎలుకలకు తియ్యని శాకరిన్ నీళ్లు ఇచ్చి, ఆ సమయంలోనే వాటిపై గామా కిరణాలు ప్రసరింపజేశారు. కిరణాల వల్ల ఎలుకలు జబ్బుపడ్డాయి. ఆ తరువాత అవి తమకెంతో ఇష్టమైన తీపి నీళ్లను తాగడం మానేశాయి.

1966లో చేసిన మరొక ప్రయోగం ఇంకా ఆసక్తికరమైనది. ఎలుక తీపి నీళ్లు తాగుతున్నప్పుడల్లా ఒక దీపం వెలిగి, టక్కుమని శబ్దం అయ్యే ఏర్పాటు చేశారు. కొన్ని ఎలుకలకు జబ్బు కలిగించారు, మరికొన్నిటి కాళ్లకు విద్యుత్ షాక్ ఇచ్చారు. జబ్బుపడినవి తీపి రుచిని అసహ్యించుకున్నాయి గాని దీపాన్ని, శబ్దాన్ని పట్టించుకోలేదు. షాక్ తిన్నవి దీపాన్ని, శబ్దాన్ని చూసి జంకాయి గాని తీపిని మానలేదు. అంటే, కడుపులో బాధ కలిగితే ఎలుక మెదడు ఆ నేరాన్ని రుచి మీదే మోపుతుందన్నమాట! రుచి చూసిన గంట తరువాత జబ్బు వచ్చినా ఈ ముడి పడుతుందని కూడా తేలింది.

ఇప్పుడు మన చేదు మందు సంగతి చూడండి. దాని రుచి కొత్తది. పైగా ఎలుక అప్పటికే జబ్బుతో ఉంది. మందు వల్ల కొంచెం వికారం కూడా కలిగితే ఇక చెప్పేదేముంది? మనం మందు అనుకొనేది దాని దృష్టిలో విషం. రోజూ తినే మేతలో మందు కలిపితే ఇంకో ప్రమాదం ఉంది. ఎలుక ఆ మేతనే మానేయవచ్చు. తాగే నీళ్లలో కలిపినా చిక్కే. నీళ్లు చేదెక్కితే తక్కువ తాగుతుంది, ఎంత మందు లోపలికి పోయిందో మనకు తెలియదు.

ముందు మచ్చిక, తరువాత మందు

పరిష్కారం ఎక్కడ ఉందో మన రైతులను అడగండి. వరి పొలంలో జింకు ఫాస్ఫైడు ఎర పెట్టే ముందు, విషం లేని నూకలను నూనెతో కలిపి రెండు రోజులు పెడతారు. ఎలుకలు ఆ రుచికి అలవాటుపడి కడుపునిండా తినడం మొదలుపెట్టాక, మూడో రోజు విషం కలుపుతారు. మొదటి రోజే విషం కలిపితే ఎలుకలు కాస్త కొరికి, జబ్బుపడి, ఆ ఎరను ఇక ముట్టుకోవు. ప్రాణం తీయడానికి వాడే ఈ ఉపాయాన్నే ప్రాణం నిలపడానికీ వాడవచ్చు.

ఎలుక ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే దానికి ఒక ప్రత్యేకమైన రుచిని అలవాటు చేయాలి. మెత్తగా మెదిపిన అరటిపండు కావచ్చు, పలుచని తియ్యటి పానకం కావచ్చు. బఠాణీ గింజంత ముద్దను వేలి కొసన గాని, కొన్ని చుక్కలను సూదిలేని సిరంజి కొసన గాని రోజూ ఒకే వేళకు అందించాలి. కొన్నాళ్లకు సిరంజి కనబడగానే ఎలుక పరుగెత్తుకు వచ్చి నాకుతుంది. జబ్బు చేసినప్పుడు అదే రుచిలో, అదే పరిమాణంలో మందు కలిపి ఇవ్వాలి. వెంటనే మందు లేని ముద్ద ఒకటి ఇవ్వాలి. ముద్ద చిన్నదిగా ఉంటే ఏమీ మిగల్చకుండా తింటుంది, కనుక మందు పూర్తిగా అందుతుంది. గూటిలో రెండు మూడు ఎలుకలు ఉంటే జబ్బుదాన్ని విడిగా తీసి తినిపించాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాలు, పెరుగులోని కాల్షియం కొన్ని యాంటిబయాటిక్‌లను పట్టి ఉంచి, రక్తంలో కలవనీయదు. అందువల్ల మందును దేనిలో కలపవచ్చో, ఎంత ఇవ్వాలో పశువైద్యుడినే అడగాలి. మన ఇంట్లోని మాత్రలు తెచ్చి సొంతంగా వేయకూడదు.

తోటి ఎలుక సాయం

ఎలుక తన నాలుకనే కాక తోటి ఎలుకలనూ నమ్ముతుంది. ఒక ఎలుక ఏదైనా తిని వస్తే, రెండో ఎలుక దాని మూతి వాసన చూస్తుంది. తరువాత తానూ అదే పదార్థాన్ని ఎంచుకుంటుంది. కెనడాలో బెన్నెట్ గేలెఫ్ అనే శాస్త్రజ్ఞుడు 1983లో ఈ విషయాన్ని చూపించాడు. కాబట్టి కొత్త రుచి అలవాటు చేసేటప్పుడు, మందు కలపని ముద్దను ముందుగా తోటి ఎలుకకు తినిపించడం మంచి ఉపాయం.

ముడి మంచివైపుకు కూడా పడుతుంది. బి1 విటమిన్ లోపించిన ఎలుకలకు ఒక రుచిగల నీళ్లు ఇచ్చి, తరువాత ఆ విటమిన్‌ను సూదిమందుగా ఇచ్చినప్పుడు అవి ఆ రుచిని మరింత ఇష్టపడ్డాయని 1967లో గార్సియా బృందం ప్రకటించింది. తనకు స్వస్థత చేకూర్చిన రుచిని ఎలుక గుర్తుపెట్టుకుంటుందన్నమాట.

మనుషుల సంగతి ఏమిటి?

మనమూ ఎలుకలకు భిన్నం కాదు. కేన్సరుకు ఇచ్చే మందుల వల్ల తీవ్రమైన వికారం కలుగుతుంది. 1978లో ఇలీన్ బెర్న్‌స్టీన్ అనే శాస్త్రజ్ఞురాలు కొందరు పిల్లలకు అలాంటి మందు ఇచ్చే ముందు ఒక ప్రత్యేకమైన ఐస్‌క్రీం పెట్టించింది. తరువాత వారిలో చాలామంది ఆ ఐస్‌క్రీం వద్దన్నారు. వికారానికి కారణం మందేనని తెలిసినా నాలుక ఒప్పుకోలేదు. మరి ఇంటి భోజనం మీద అసహ్యం కలగకుండా ఉండాలంటే ఏం చేయాలి? 1987లో దీనికి ఒక మార్గం ప్రచురించారు. భోజనానికీ మందుకూ మధ్య ఘాటైన రుచిగల ఒక బిళ్ల చప్పరించమన్నారు. అసహ్యం చాలావరకు ఆ బిళ్ల మీదికి పోయి, భోజనం మీద ఇష్టం నిలిచింది. జబ్బుతో చిక్కిపోయిన పిల్లలకు రెండు ముద్దలు ఎక్కువ తినగలగడం చిన్న విషయం కాదు.

ఈసారి మీ ఇంట్లో తమ్ముడో చెల్లెలో జ్వరంతో పడుకొని మందు వద్దని మారాం చేస్తే, ఆ మందును వారికి ఇష్టమైన పాయసంలో కలపబోకండి. మందు పోకపోగా, పాయసం కూడా చేదెక్కవచ్చు!