బోర్డు పలకని రోజు

కుత్బుల్లాపూర్‌కు ఒక పక్క జీడిమెట్ల పారిశ్రామికవాడ, ఇంకో పక్క మైసమ్మగూడ, దుండిగల్, బాచుపల్లి, కండ్లకోయల్లో వరసగా ఇంజనీరింగ్ కాలేజీలు. ఫైనలియర్ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే ఈ కాలేజీల పిల్లల బ్యాగుల్లో అగ్గిపెట్టెంత నల్ల బోర్డు ఒకటి తిరుగుతూ ఉంటుంది. పేరు ఈఎస్‌పీ32. షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ కంపెనీ 2016లో తెచ్చిన ఈ చిప్పులో 240 మెగాహెర్ట్‌జ్ దాకా వేగమందుకునే రెండు ప్రాసెసర్ కోర్లు, వైఫై, బ్లూటూత్ అన్నీ ఒకేచోట ఇమిడి ఉంటాయి. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ఇదే బోర్డు కోడ్ ఎక్కించి, డబ్బాలో బిగించి, బైండింగ్ చేసిన రిపోర్టుతో సహా 'రెడీమేడ్ ప్రాజెక్టు' పేరుతో నగరంలో అమ్ముడవుతోంది కూడా. కొన్నవాళ్లను తిట్టి లాభం లేదు. మార్కులొస్తున్నప్పుడు కొనక ఏం చేస్తారు? కాకపోతే వాళ్లు డబ్బిచ్చి మరీ తప్పించుకుంటున్నది ఆ బోర్డు మొదటిరోజు పెట్టే తిప్పల్ని. ఈ విద్యలో అసలు సరుకంతా ఆ తిప్పల్లోనే ఉందని నా వాదన.

మొదటిరోజు ఏం జరుగుతుందో చూడండి. బోర్డును ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే ఎర్ర లైటు వెలుగుతుంది, ప్రోగ్రామ్ రాసి ఎక్కించే ఆర్డునో సాఫ్ట్‌వేర్‌లో మాత్రం పోర్టు కనిపించదు. చాలాసార్లు తప్పు కేబుల్‌ది. ఛార్జింగ్ కోసమే చేసిన చవక కేబుళ్లలో కరెంటు మోసే రెండు తీగలే ఉంటాయి, డేటా మోసే మిగతా రెండూ ఉండవు. కేబుల్ మార్చినా పలక్కపోతే యూఎస్‌బీ సాకెట్ దగ్గరున్న చిన్న చిప్పు మీద పేరు చదవాలి. సీపీ2102 అయితే ఒక డ్రైవరు, సీహెచ్340 అయితే ఇంకొకటి. ఎందుకంటే తొలి ఈఎస్‌పీ32కు యూఎస్‌బీ భాష రాదు, మధ్యలో ఈ చిప్పు దుబాసీ పని చేస్తుంది. పోర్టు దొరికి, జాబితాలో బోర్డు పేరు ఎంచుకుని అప్‌లోడ్ నొక్కితే, కొన్ని బోర్డులు 'కనెక్టింగ్' అంటూ చుక్కల మీద చుక్కలు పెట్టి చివరికి చేతులెత్తేస్తాయి. ఆ చుక్కలు పడుతుండగా 'బూట్' బటన్ నొక్కి పట్టుకోవాలి. చిప్పు నిద్రలేచే క్షణంలో జీపీఐఓ0 అనే పిన్నును చూస్తుంది. అక్కడ వోల్టేజీ ఉంటే తనలో ఉన్న ప్రోగ్రామ్ నడుపుతుంది, లేకపోతే కొత్త ప్రోగ్రామ్ కోసం కాచుకుంటుంది. బటన్ చేసేదల్లా ఆ పిన్నును గ్రౌండ్‌కు కలపడమే. ఇంతా అయ్యాక సీరియల్ మానిటర్ తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి: బోర్డు 115200 వేగంతో మాట్లాడుతోంది, మానిటర్ 9600 దగ్గర వింటోంది. పాఠ్యపుస్తకంలో నాలుగు యూనిట్లుగా పంచిన సంగతులు ఒక్క మధ్యాహ్నంలో, అదీ కారణంతో సహా, ఇలా చేతికి తగులుతాయి.

అసలు పరీక్ష ఆ తర్వాత. కాలనీ అపార్ట్‌మెంట్లలో అందరికీ కావలసిన ప్రాజెక్టు ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటిమట్టం చూసి మోటారు ఆపడం. దానికి వాడే చవకైన అల్ట్రాసోనిక్ సెన్సార్ హెచ్‌సీ-ఎస్ఆర్04 నడిచేది 5 వోల్టుల మీద, ఈఎస్‌పీ32 పిన్నులు తట్టుకునేది 3.3 వోల్టులు. మధ్యలో రెండు రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించకపోతే బోర్డు ఇవాళ పనిచేసి ఎల్లుండి చచ్చిపోవచ్చు. దాని బదులు అనలాగ్ సెన్సార్ పెట్టినవాళ్లకు ఇంకో చిత్రం ఎదురవుతుంది. రీడింగులు చక్కగా వస్తుంటాయి, వైఫై ఆన్ చేయగానే ఆగిపోతాయి. ఈ చిప్పులో అనలాగ్ కొలతకు రెండు విభాగాలుంటే, రెండోదాన్ని వైఫై తన సొంతానికి వాడుకుంటుంది. కాబట్టి సెన్సార్ తీగను 32 నుంచి 39 వరకున్న మొదటి విభాగం పిన్నుల్లోకి మార్చాలి. కోడ్‌లో ఎంత వెతికినా ఈ తప్పు దొరకదు. వైఫైదీ అదే వరస. బోర్డుకు తెలిసింది 2.4 గిగాహెర్ట్‌జ్ ఒక్కటే, ఫోన్ హాట్‌స్పాట్ 5 మీద ఉంటే దాని కంటికి ఆనదు. ఇక రేడియో ప్రసారం మొదలైన క్షణంలో చిప్పు 240 మిల్లీయాంపియర్ల దాకా లాగుతుంది. సప్లై బక్కదైతే వోల్టేజీ కుంగి బోర్డు రీసెట్ అవుతూనే ఉంటుంది. రెడీమేడ్ డబ్బా కొన్నవాళ్లు దీన్ని చూసి 'బోర్డు పోయింది' అంటారు. తిప్పలు పడ్డవాళ్లు అడాప్టర్ మారుస్తారు.

ల్యాబ్‌కున్నది వారానికి మూడు గంటలు, అందులో సగం డ్రైవర్లకే పోతే సిలబస్ ఎప్పుడవుతుందని అధ్యాపకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే అన్నీ ముందే సర్దిపెట్టిన ల్యాబ్‌లో పూర్తయ్యే సిలబస్ దేనికి పనికొస్తుందో కూడా చూడాలి. జీడిమెట్లలో ఒక చిన్న యూనిట్ యజమాని యంత్రం మీద సెన్సార్ పెట్టమంటే అక్కడ సర్దిపెట్టిన ల్యాబ్ ఉండదు. పెద్ద మోటార్ల వల్ల ఊగే వోల్టేజీ, రేకుల షెడ్డులో తడబడే సిగ్నలూ ఉంటాయి. కోడ్ అంతా ఏఐ రాసిస్తోంది కదా అనేది కొత్తగా వినిపిస్తున్న మాట. రాసిస్తోంది, బాగానే రాసిస్తోంది. పిన్నుల సంగతి అడిగితే చెబుతుంది కూడా. అయితే కేబుల్‌లో డేటా తీగలు లేవనీ, సెన్సార్ తీగ పక్క పిన్నులో ఉందనీ దానికి చెప్పాల్సింది మనమే. ఏం చెప్పాలో తెలిసినవాడికే దాని సాయం అందుతుంది.

చైనా చిప్పు, అమెరికా డ్రైవరు, ఇందులో మనదేముంది అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల కోసం హైదరాబాద్ కథే ఒకటుంది. వెంకట్ మట్టెల 2001లో మొదలుపెట్టిన రెడ్‌పైన్ సిగ్నల్స్ ప్రధాన కార్యాలయం కాలిఫోర్నియాలోనే అయినా, తక్కువ కరెంటుతో నడిచే వైఫై చిప్పుల డిజైన్ కేంద్రం ఈ నగరంలో ఉండేది. దాని వైర్‌లెస్ వ్యాపారాన్ని 2020లో సిలికాన్ ల్యాబ్స్ 30.8 కోట్ల డాలర్లకు కొంది. ఈఎస్‌పీ32 బోర్డుల మీద కనిపించే సీపీ2102 కూడా ఆ సిలికాన్ ల్యాబ్స్‌దే. బోర్డు తెప్పించుకునే స్థితిలో పిల్లలున్న ఊళ్లోనే, దానికి పోటీ వచ్చే చిప్పులు గీసే ఇంజనీర్లూ ఉన్నారన్నమాట. ఆ పిల్లలకూ ఈ ఇంజనీర్లకూ మధ్య దూరం చదువుతో పూడేదే, రెడీమేడ్ డబ్బాతో పూడేది కాదు.

అలాగని ఈ బోర్డు అన్నిటికీ మందు అనుకోకూడదు. 2020 అక్టోబరు వానలకు ఇక్కడి ఫాక్స్‌సాగర్ చెరువు పొంగి ఉమామహేశ్వర కాలనీని ముంచింది. చెరువు మట్టం చెప్పే యంత్రం పెడతామని ఏ విద్యార్థయినా ముందుకొస్తే మంచిదే, కానీ ట్యాంకు మీద నడిచిన వైఫై చెరువు గట్టున నడవదు, ఆ అల్ట్రాసోనిక్ సెన్సార్ చూపు నాలుగు మీటర్లకు మించదు. దూరాలకు వేరే పద్ధతులున్నాయి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ 2022లో సిలికాన్ ల్యాబ్స్‌తో కలిసి క్యాంపస్ అంతటా వై-సన్ నెట్‌వర్క్ పెట్టింది. అందులో ఒక పరికరం సందేశాన్ని పక్క పరికరం అందుకుని ముందుకు పంపుతుంది. ఏ పనికి ఏ రేడియో అన్న తెలివి కూడా ఒకదానితో కుస్తీపట్టి దాని హద్దులు చూసినవాళ్లకే వస్తుంది.

కాలేజీలు చేయగల పని ఒకటుంది, ఖర్చు లేనిది. ప్రాజెక్టు వైవాలో స్లైడ్లు చూడటం మానేసి, ఎగ్జామినర్ ఆ బోర్డు మెమరీని పూర్తిగా చెరిపించాలి, హాట్‌స్పాట్ పేరు మార్చాలి, మళ్లీ నడపమని అడగాలి. అరవై మంది క్లాసులో ఇది కుదరదంటారు. ప్రాజెక్టులు బృందాలుగానే చేస్తారు కాబట్టి వచ్చేది పదిహేనో ఇరవయ్యో బోర్డులు. సొంతంగా చేసిన బృందానికి పది నిమిషాలు చాలు. కొన్న బృందం సంగతి అంతకంటే త్వరగా తేలిపోతుంది.