మన చుట్టుపక్కల ఊళ్ళు – ఆసుపత్రికి చేరే సమయం



తెల్లవారుజామున మన ఆసుపత్రి గేటు దగ్గర కాసేపు నిలబడితే గుంటూరు చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒక్కచోటే కనిపిస్తాయి. తెనాలి నుండి రైలు దిగి వచ్చినవారు, నరసరావుపేట, సత్తెనపల్లి మొదటి బస్సులో వచ్చినవారు, పొన్నూరు వైపు నుండి ఆటో మాట్లాడుకుని వచ్చినవారు. చేతిలో క్యారేజీ, భుజాన దుప్పటి, ప్లాస్టిక్ సంచిలో పాత ఎక్స్‌రేలు. చీటీ రాసే మా సిబ్బంది "ఏ ఊరమ్మా?" అని అడిగాకనే "ఏమి బాధ?" అని అడుగుతారు. ఊరు తెలిస్తే సగం సంగతి తెలిసినట్లే.

ఈ సంచికలో ఒక జబ్బును గురించి కాకుండా ఆ ఊళ్ళను గురించి, అక్కడి నుండి ఇక్కడికి వచ్చే దారిని గురించి రాయదలిచాము. మా వార్డులలో కోలుకున్నవారిని, కోలుకోలేకపోయినవారిని చూస్తూ వచ్చిన మాకు ఒక సంగతి స్పష్టంగా అర్థమయింది. చాలాసార్లు రోగిని దెబ్బతీసింది జబ్బు ఒక్కటే కాదు, దారిలో పోయిన సమయం.

ఊరికో పని, పనికో బాధ

2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలుగా మారింది. గీతలు మారినా ఆసుపత్రి అవసరం వచ్చినప్పుడు మాత్రం ఈ మూడు జిల్లాల ప్రజలు ఇంకా గుంటూరు వైపే చూస్తున్నారు.

మంగళగిరిలో గుంట మగ్గం మీద రోజంతా కూర్చునే నేతపనివారికి నడుము, మోకాళ్ళు, కంటిచూపు ముందుగా దెబ్బతింటాయి. చిలకలూరిపేట పరిసరాలలో పత్తి మిల్లులలో పనిచేసేవారికి దూది ధూళి వల్ల ఛాతీ బిగుసుకుపోయి ఆయాసం వస్తుంది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర కళ్ళకు, ఊపిరితిత్తులకు ప్రమాదం. గుంటూరు మిర్చి యార్డులోను, కోల్డ్ స్టోరేజీలలోను ముచ్చికలు తీసే ఆడవాళ్ళు చేతుల మంటతో, ఆగని దగ్గుతో వస్తారు. పత్తికి, మిరపకు మందు కొట్టేవారు చెమటలు, వాంతులు, నోట చొంగ, చూపు మసకతో వస్తారు. అలాంటివారి బట్టలు వెంటనే తీసివేసి, ఒళ్ళంతా సబ్బుతో కడిగి, ఆ మందు డబ్బాను కూడా వెంట తీసుకురావాలి. డబ్బా మీద పేరు చూస్తే వైద్యుడు సమయం పోకుండా సరైన విరుగుడు మొదలుపెట్టగలడు.

రేపల్లె, నిజాంపట్నం వైపు వరి చేలు, చెరువులు, సముద్రం. రెంటచింతల వైపు ఎండ. వేసవిలో రాష్ట్రంలోనే ఎక్కువ వేడి నమోదయ్యే ఊళ్ళలో రెంటచింతల ఒకటని మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఎండలో పనిచేస్తున్న మనిషి ఒళ్ళు కాలిపోతూ, తికమకగా మాట్లాడుతుంటే అది మామూలు నీరసం కాదు, వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ, విసురుతూనే 108కి ఫోన్ చేయాలి.

మూడు చోట్ల పోయే సమయం

ఈ ఊళ్ళు నిజానికి ఎంత దూరం? మంగళగిరి సుమారు ఇరవై కిలోమీటర్లు, తెనాలి పాతిక, చిలకలూరిపేట నలభై, నరసరావుపేట, బాపట్ల యాభైకి దగ్గర. మాచర్ల అయితే వంద కిలోమీటర్లు దాటుతుంది. అంటే ఎక్కువ ఊళ్ళ నుండి గంట, గంటన్నరలో రావచ్చు. మరి ఆరు గంటలు, పది గంటలు ఆలస్యంగా ఎందుకు వస్తున్నారు?

1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు కాన్పు సమయంలో చనిపోయే తల్లుల గురించి రాస్తూ మూడు ఆలస్యాలను చెప్పారు. బయలుదేరాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం, చేరిన తరువాత సరైన వైద్యం అందడంలో ఆలస్యం. కాన్పులకే కాదు, అన్ని అత్యవసర జబ్బులకు ఈ మాట వర్తిస్తుంది.

మేము చూసినంతవరకు మొదటి ఆలస్యమే పెద్దది. "అబ్బాయి హైదరాబాదు నుండి రానీ", "తెల్లారనీ", "చేతిలో డబ్బు సర్దుకోనీ" అనే మాటల్లోనే గంటలు గడిచిపోతాయి. ఇలా అన్నవారిని మేము తప్పుపట్టడం లేదు. డబ్బు, తోడు, భయం అన్నీ నిజమైన కారణాలే. కానీ కొన్ని జబ్బులు అబ్బాయి వచ్చేదాకా ఆగవు.

పాము కాటు – రెండు ఇళ్ళ కథ

కొంతకాలం క్రితం ఒకే నెలలో డెల్టా పల్లెల నుండి పాము కరచిన ఇద్దరు రైతుకూలీలు మా దగ్గరకు వచ్చారు.

మొదటి ఆయనకు సాయంత్రం వరి మోపు ఎత్తుతుండగా కాలి మీద కాటు పడింది. ఇంటివారు మోకాలి కింద తాడు బిగించి కట్టారు. బ్లేడుతో గాటు పెట్టారు. మంత్రం వేసే ఆయన దగ్గరకు తీసుకువెళ్ళి మూడు గంటలు కూర్చున్నారు. ఆ తరువాత కారు మాట్లాడుకుని, దారిలో ఉన్న రెండు ప్రభుత్వ ఆసుపత్రులను దాటుకుని గుంటూరు వచ్చారు. చేరేసరికి గాటు నుండి నెత్తురు ఆగడం లేదు, మూత్రం ఎర్రగా వస్తోంది. రక్తపింజర విషం నెత్తురు గడ్డకట్టకుండా చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఆయనకు ఎన్నోసార్లు డయాలసిస్ చేయవలసి వచ్చింది. ప్రాణం దక్కింది కాని రెండెకరాల కౌలు పోయింది, ఆడబిడ్డ చదువు ఆగింది.

రెండవ ఆయన భార్య తాడు కట్టలేదు. కాలు కదలకుండా కర్ర పెట్టి గుడ్డతో వదులుగా చుట్టి, కాలి మెట్టె తీసి, మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. అక్కడ నెత్తురును గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు ఉంచి చూశారు. గడ్డకట్టలేదని తెలియగానే పాము విషానికి విరుగుడు ఇంజెక్షను మొదలుపెట్టి, చీటీ రాసి 108లో మా దగ్గరకు పంపారు. ఆయన వారం తిరగకముందే నడుచుకుంటూ ఇంటికి వెళ్ళారు.

ఇద్దరినీ కరచింది ఒకే రకం పాము కావచ్చు. ఎంత విషం ఎక్కిందన్నది మన చేతిలో లేదు. మిగిలినది మన చేతిలోనే ఉంది.

మన దేశంలో 2000 నుండి 2019 వరకు పాము కాటుతో సుమారు పన్నెండు లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్కకట్టింది. అంటే ఏడాదికి సుమారు 58 వేల మంది. ఎక్కువమంది పల్లెలవారే. మన ఆంధ్ర ప్రాంతం ఎక్కువ మరణాలున్న రాష్ట్రాలలో ఒకటి. 2024లో కేంద్ర ప్రభుత్వం 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర – ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది. కాబట్టి పామును చంపి తీసుకురానక్కరలేదు. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది; నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లవారుజామున కడుపు నొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే పామును చూడకపోయినా అనుమానించాలి. మంచం మీద దోమతెర దోపుకుని పడుకుంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

పక్షవాతం – నాలుగున్నర గంటలు

మూతి వంకరపోవడం, ఒక చేయి పడిపోవడం, మాట తడబడటం – ఈ మూడింటిలో ఒక్కటి ఉన్నట్టుండి వచ్చినా గడియారం చూడండి. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే దానిని కరిగించే ఇంజెక్షను మొదటి నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. ఎంత ముందు ఇస్తే అంత మేలు. ఇవ్వాలంటే ముందుగా సి.టి. స్కాన్ తీయాలి, ఎందుకంటే కొందరికి గడ్డ కాక మెదడులో రక్తస్రావం అయి ఉంటుంది. అలాంటివారికి ఆ ఇంజెక్షను హాని చేస్తుంది. అందుకే స్కాన్ లేని నర్సింగ్ హోములో సెలైన్ ఎక్కించుకుంటూ కూర్చోవడం సమయాన్ని పారబోసుకోవడమే.

మన ఊళ్ళలో పక్షవాతం అనగానే పావురం రక్తం, పసరు మందు అంటారు. పసరు తాగించడం, నోట్లో నీళ్ళు పోయడం ప్రమాదం. మింగలేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంట్లో ఉన్న బి.పి. మాత్ర అదనంగా వేయవద్దు. ఆస్పిరిన్ కూడా స్కాన్ తీయకముందు వేయవద్దు. రోగి చివరిసారి బాగుగా కనిపించింది ఎన్ని గంటలకో కాగితం మీద రాసుకుని రండి. వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న అదే.

నరసరావుపేట నుండి గంటన్నర ప్రయాణం తీసివేస్తే మీకు మిగిలేది మూడు గంటలే. అందులో కొడుకు కోసం ఎదురుచూడటానికి చోటు లేదు. అబ్బాయిని సూటిగా ఆసుపత్రికే రమ్మనండి.

దగ్గరి ఆసుపత్రిని చిన్నచూపు చూడవద్దు

"పెద్ద జబ్బు కదా, పెద్ద ఆసుపత్రికే పోదాం" అని అందరికీ అనిపిస్తుంది. ఒక్కొక్క జబ్బుకు ఒక్కొక్క దారి అని గుర్తుంచుకోవాలి. పాము కాటుకు, మందు విషానికి, ఫిట్స్‌కు, కాన్పు తరువాత రక్తస్రావానికి మొదటి చికిత్స దగ్గరలోనే మొదలుకావాలి. ఛాతీ నొప్పి ఎడమ చేతికి, దవడకు పాకి చెమటలు పట్టినప్పుడు కూడా అంతే. దగ్గరలో ఇ.సి.జి. తీసి, గడ్డ కరిగే ఇంజెక్షను అవసరమైతే ఇచ్చి పంపే సదుపాయం ఉంటే ముందు అక్కడికే వెళ్ళాలి. "గ్యాస్" అనుకుని సోడా తాగి పడుకోవద్దు.

తెనాలి, నరసరావుపేట, బాపట్లలో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ఊళ్ళకు దగ్గరగా వైద్యం ఉండాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ పట్నంలో ఆసుపత్రి నెలకొల్పగా, నిడుబ్రోలు వంటి చోట్ల కూడా మిషన్ ఆసుపత్రులు వెలిశాయి. పల్లె మనిషి పట్నం దాకా రాలేడని వారికి తెలుసు.

సంఘంగా మనం చేయగలిగినది

ప్రతి ఊరిలోని సంఘ పెద్దలను మేము కోరేది నాలుగు చిన్న పనులు. రాత్రిపూట పిలిస్తే పలికే ముగ్గురు కారు, ఆటో డ్రైవర్ల నంబర్లు ఆరాధన స్థలంలో గోడ మీద రాయించండి. పాము విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉంటుందో, సి.టి. స్కాన్ రాత్రి కూడా తీసేది ఎక్కడో ముందే వెళ్ళి కనుక్కోండి. డబ్బు సర్దుకునేదాకా ఎవరూ ఆగిపోకుండా చిన్న అత్యవసర నిధి ఉంచండి. ఒంటరిగా ఉంటున్న ముసలివారి ఇళ్ళకు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి తొంగిచూసే వంతులు వేసుకోండి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న ఇళ్ళు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నాయి.

ఇంటికి వెళ్ళినవారికి మరొక మాట. బి.పి., షుగరు మాత్రల కోసం నెలనెలా గుంటూరు రానక్కరలేదు. మీ పి.హెచ్.సి.లో చూపించుకుని, అంకెలు ఒకే పుస్తకంలో రాయించుకోండి. ఛార్జీలు లేవని మాత్రలు ఆపినవారే పక్షవాతంతో తిరిగి రావడం మేము ఎన్నోసార్లు చూశాము.

గోడకు అంటించుకోవడానికి

• అత్యవసరంలో ముందు 108. ఆలస్యమవుతుందంటే దొరికిన బండిలో బయలుదేరండి.
• పాము కాటు: కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. కదలనీయకుండా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి.
• పక్షవాతం: మొదలైన సమయం రాయండి. స్కాన్ ఉన్న ఆసుపత్రికి సూటిగా.
• ఛాతీ నొప్పి: నడిపించవద్దు. దగ్గరలో ఇ.సి.జి.
• వెంట తేవలసినవి: వాడుతున్న మాత్రలు, పాత చీటీలు, ఆధార్, రేషన్ కార్డు. దొరకకపోతే వెతుకుతూ ఆగవద్దు, తరువాత తెప్పించుకోవచ్చు.

మీ ఊరు మాకు ఎంత దూరమో మార్చడం మన వల్ల కాదు. బయలుదేరే సమయం మాత్రం మీ చేతిలోనే ఉంది. గేటు రాత్రంతా తెరిచే ఉంటుంది.