వెన్నులో కృత్రిమ డిస్క్.. కోటి సార్లు వంచి చూశాకే మనిషికి! ఎలా తయారవుతుందంటే..

నడుం నొప్పి అని ఎంఆర్‌ఐ తీయిస్తే చాలామంది రిపోర్టులో కనిపించే మాట ‘ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్’. ఇంట్లో మనం ‘డిస్క్ జారింది’ అనేస్తాం. నిజానికి డిస్క్ ఎక్కడికీ జారిపోదు. వెన్నుపూసల మధ్య ఉండే ఆ మెత్తటి దిండు పక్కకు ఉబ్బుతుంది, లేదంటే చిట్లి లోపలి గుజ్జు బయటకొస్తుంది. ఎక్కువ మందికి మందులు, ఫిజియోథెరపీతోనే తగ్గిపోతుంది. డిస్క్ బాగా అరిగిపోయి ఏళ్ల తరబడి నొప్పి తగ్గని కొందరికి మాత్రం ఆపరేషన్ మాట వస్తుంది. అప్పుడు ఉన్న దారుల్లో ముఖ్యమైనవి రెండు. రెండు పూసలను కలిపి బిగించేయడం ఒకటి, అంటే ఫ్యూజన్. రెండోది కృత్రిమ డిస్క్ పెట్టడం.

బిగించేస్తే నొప్పి తగ్గొచ్చు కానీ అక్కడ కదలిక పోతుంది. ఆ భారం పైనా కిందా ఉన్న డిస్కుల మీద పడుతుంది. అందుకే కదిలే డిస్క్ కోసం ఇంజినీర్లు, డాక్టర్లు ఇంతగా కష్టపడుతున్నారు.

ఒలింపిక్ విజేత చేతిలో..

మొదటి ప్రయత్నం మరీ సింపుల్. 1960ల్లో స్వీడన్ సర్జన్ ఉల్ఫ్ ఫెర్న్‌స్ట్రోమ్ పూసల మధ్య స్టీల్ గోళీలు పెట్టారు. గట్టి గోళీ, దాని కన్నా మెత్తటి ఎముక.. ఏమవుతుంది? చాలామందిలో గోళీ ఎముకలోకి దిగబడిపోయింది.

అసలు మలుపు తూర్పు బెర్లిన్‌లోని షారిటే ఆస్పత్రిలో వచ్చింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్‌లో రెండు బంగారు పతకాలు కొట్టిన కరిన్ యాంట్స్ తర్వాత డాక్టరయ్యారు. ఆమె, కుర్ట్ షెల్నాక్ కలిసి రెండు లోహపు పలకలు, మధ్యలో జారే ప్లాస్టిక్ బిళ్లతో డిస్క్ తయారు చేశారు. 1984లో తొలిసారి పేషెంట్‌కు అమర్చారు. మొదటి మోడల్ పలకలు చిన్నవి కావడంతో ఎముకలోకి కుంగాయి. రెండోదానిలో లోహం అలసిపోయి విరిగింది. పలకలు వెడల్పు చేసి 1987లో మూడోది తెచ్చారు. దానికే 2004లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది.

మోకాలి కన్నా కష్టం ఎందుకు?

మోకాలు ముఖ్యంగా తలుపు బందులా పని చేస్తుంది. డిస్క్ అలా కాదు. ముందుకు, వెనక్కి, పక్కలకు వంగాలి, కాస్త తిరగాలి, కుదుపును తట్టుకోవాలి. అసలు డిస్క్ పగలంతా నీరు కోల్పోయి రాత్రి పడుకున్నాక మళ్లీ పీల్చుకుంటుంది. ఉదయం మనం కొంచెం పొడుగ్గా ఉండేది అందుకే. లోహంతో ఈ పని చేయించడం కుదరదు. అందుకే కొన్ని కొత్త డిజైన్లలో మధ్యలో రబ్బరులా సాగే పాలిమర్ వాడుతున్నారు.

పలకలకు ఎక్కువగా కోబాల్ట్-క్రోమ్ లేదా టైటానియం వాడతారు. కోబాల్ట్-క్రోమ్ అరుగుదల బాగా తట్టుకుంటుంది, కానీ ఎంఆర్‌ఐలో ఆ చుట్టుపక్కల బొమ్మ చెదిరిపోతుంది. టైటానియంతో బొమ్మ మెరుగ్గా వస్తుంది కానీ రాపిడికి అంత గట్టిది కాదు. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాల్సిందే! పలక బయటి వైపు కావాలనే గరుకుగా ఉంచుతారు, ఎముక దానిలోకి పెరిగి పట్టుకోవడానికి.

ఇక పరీక్ష. 37 డిగ్రీల దగ్గర, పశువుల సీరం ద్రవంలో డిస్క్‌ను ముంచి మెషిన్ మీద వంచుతూ తిప్పుతూ ఉంటారు. సెకనుకు ఒకసారి చొప్పున కోటి సార్లు. అంటే రాత్రీ పగలూ ఆపకుండా నడిపినా దాదాపు 116 రోజులు. తర్వాత ఎంత పొడి రాలిందో తూకం వేస్తారు. ఆ పొడే అసలు భయం. శరీరం దాని మీద తిరగబడితే చుట్టూ ఉన్న ఎముక కరిగిపోతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే.. నడుం డిస్క్‌ను సాధారణంగా పొట్ట వైపు నుంచి పెడతారు. వెన్ను ముందే పెద్ద రక్తనాళాలు ఉంటాయి. ఒకసారి ఆపరేషన్ అయ్యాక అవి అతుక్కుపోతాయి. మళ్లీ తెరిచి డిస్క్ మార్చడం ప్రాణాపాయమే.

అందరికీ ఇది పనికిరాదు కూడా. ఎముకలు గుల్లబారినా, పూస ముందుకు జరిగినా, వెనక ఉండే ఫేసెట్ కీళ్లు అరిగిపోయినా సాధారణంగా వద్దంటారు. కాబట్టి ఎవరైనా డిస్క్ మార్చాలని చెబితే.. ఫేసెట్ కీళ్లు ఎలా ఉన్నాయి, ఎముక బలం పరీక్షించారా, పెట్టేది ఏ లోహం, ఆ మోడల్ ఎన్నేళ్లుగా వాడుకలో ఉంది.. ఈ నాలుగూ డాక్టర్‌ను ముందే అడగండి.