మీకు తెలుసా? పిల్లల పళ్లకు క్లిప్పులు ఎప్పుడంటే...

“పాపకి పళ్లు వంకరగా వస్తున్నాయి. క్లిప్పులు ఇప్పుడే వేయించాలా, ఇంకొన్నాళ్లు ఆగొచ్చా?” పిల్లలున్న ఇంట్లో ఏదో ఒకరోజు ఈ మాట రాక తప్పదు. దీనికి జవాబు వెతుకుతూ పోతే దొరికిన వింతలు ఇన్నీ అన్నీ కావు. పెద్దలు చదవండి, పిల్లలకూ వినిపించండి!

● ఆరేళ్ల పిల్లల నోట్లో ఎన్ని పళ్లుంటాయి? ఇరవై అన్నారా? కాదు, దాదాపు 48! బయటికి కనిపించే పాలపళ్లు 20 అయితే, చిగుళ్ల లోపల ఎముకలో దాక్కుని తయారవుతున్న శాశ్వత దంతాలు మరో 28.

● క్లిప్పుల డాక్టరుకు పిల్లల్ని 7 ఏళ్లకల్లా ఒకసారి చూపించాలని అమెరికన్ ఆర్థోడాంటిస్టుల సంఘం చెబుతుంది. కంగారు పడకండి, అది చూపించే వయసే గానీ వేయించే వయసు కాదు! ఎక్కువమందికి క్లిప్పులు పడేది 9 నుంచి 14 ఏళ్ల మధ్యే. ఏడేళ్లకు వెళ్లినవాళ్లలో చాలామంది “ఏడాది ఆగి రండి” అనిపించుకుని ఇంటికొస్తారు.

● ఆరేళ్లప్పుడు నాలుగు దొంగ పళ్లు వస్తాయి! ఏ పాలపన్నూ ఊడకుండానే వరస చివర చప్పుడు లేకుండా మొలిచే ఈ దవడపళ్లను చాలామంది తల్లిదండ్రులు పాలపళ్లే అనుకుని పట్టించుకోరు. ఇవి పుచ్చితే మళ్లీ రావు. అన్నట్టు, వంకర పళ్లలో రకాలను తేల్చడానికి 1899లో ఎడ్వర్డ్ యాంగిల్ అనే అమెరికన్ డాక్టరు కొలబద్దగా పెట్టుకున్నదీ ఈ పళ్లనే. ఆయన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది!

● పాలపళ్ల మధ్య సందులుంటే బెంగ పెట్టుకోకండి, సంతోషించండి! పై వరసలో కొత్తగా వచ్చే నాలుగు ముందుపళ్లు, ఊడిపోయిన నాలుగింటి కంటే మొత్తం మీద సుమారు 7.6 మిల్లీమీటర్లు వెడల్పు. ఆ సందులే వాటికి చోటిస్తాయి.

● మరి పాలపన్ను పెద్దదా, దాని స్థానంలో వచ్చే పన్ను పెద్దదా? ముందుపళ్ల దగ్గర కొత్తదే పెద్దది. పక్కన ఉండే దవడపళ్ల దగ్గర లెక్క తిరగబడుతుంది, పాలపన్నే పెద్దది! దాంతో కింది దవడలో ఒక్కో పక్క సుమారు రెండు మిల్లీమీటర్ల చోటు మిగులుతుంది. ‘ఎలాగూ ఊడిపోయేదేగా’ అని పుచ్చిన పాలదవడపన్నును తొందరపడి పీకించేస్తే పక్క పన్ను ఆ చోట్లోకి జరిగి కూర్చుంటుంది. అప్పుడు అసలు పన్ను వంకర పోక ఏం చేస్తుంది?

● పాలపన్ను ఊడకుండానే దాని వెనకాల కొత్తపన్ను మొలిచి, రెండు వరసలు కనిపిస్తే? ఆరేడేళ్ల వయసులో కింది ముందుపళ్ల దగ్గర ఇది మామూలే. పాలపన్ను ఊడాక చాలామందిలో కొత్తపన్నును నాలుకే మెల్లగా ముందుకు నెడుతుంది, పైసా ఖర్చు లేని క్లిప్పు! రెండు వేల ఏళ్ల కిందట రోమ్‌లో సెల్సస్ అనే రచయిత ఇంకో ఉపాయం రాసిపెట్టాడు: అడ్డున్న పాలపన్ను తీసేసి, కొత్తపన్నును రోజూ వేలితో దాని చోటు వైపు నొక్కమన్నాడు.

● ఎనిమిదేళ్లప్పుడు పై ముందుపళ్లు విసనకర్రలా విచ్చుకుని మధ్యలో సందు పడితే, చాలాసార్లు అది దానంతటదే పూడుకుంటుంది! లోపల దిగుతున్న కోరపళ్లు పక్కపళ్ల వేళ్లను నొక్కడం వల్ల ఇలా అవుతుందని 1937లోనే బ్రాడ్‌బెంట్ అనే డాక్టరు వివరించాడు. సందు మరీ పెద్దదైతే తప్ప కోరపళ్లు వచ్చేదాకా, అంటే పదకొండు, పన్నెండేళ్ల దాకా ఆగి చూడటమే మేలు.

● నోట్లో అందరికంటే పెద్ద ప్రయాణికుడు ఎవరు? పై కోరపన్ను! ముక్కు పక్కన, ఎముకలో ఎక్కడో పైన పుట్టి, అయిదు నుంచి పదిహేనేళ్ల మధ్య దాదాపు 22 మిల్లీమీటర్లు ప్రయాణిస్తుంది. అంత దూరం వస్తే దారి తప్పదా మరి? నూటికి ఇద్దరిలో నిజంగానే తప్పుతుంది, అదీ అబ్బాయిల్లో కంటే అమ్మాయిల్లోనే ఎక్కువ! తొమ్మిది, పదేళ్లకు డాక్టరు పై చిగురు మీద వేలు పెట్టి తడిమితే లోపలి కోరపన్ను గుబ్బలా తగలాలి. తగలకపోతే ఎక్స్-రే తీస్తారు. దారి తప్పుతోందని తేలితే ఒక్కోసారి పాల కోరపన్ను తీసేస్తే చాలు. 1988లో స్వీడన్ డాక్టర్లు ఎరిక్సన్, కురోల్ ఇలా చేసి చూస్తే 46 కోరపళ్లలో 36 తమంతట తామే సరైన దారికొచ్చాయి! కనిపెట్టడం ఆలస్యమైతే మాత్రం చిగురు కోసి, పన్నుకు గొలుసు కట్టి నెలల తరబడి లాగాలి. క్లిప్పుల వయసు సంగతి తర్వాత, ముందు ఈ తొమ్మిది–పది గుర్తుపెట్టుకోండి అంటాను నేను.

● పన్ను మీద పన్ను ఉంటే అదృష్టమని మన పెద్దవాళ్లు అంటారు కదా, జపాన్‌లో అది అందం! అక్కడ కొందరు అమ్మాయిలు డబ్బిచ్చి మరీ కోరపన్ను బయటికి పొడుచుకొచ్చినట్టు తొడుగులు పెట్టించుకున్నారు.

● ఎత్తుపళ్లకు తొమ్మిదేళ్లకే వైద్యం మొదలుపెట్టినా, పన్నెండు దాటాక మొదలుపెట్టినా చివరికి పళ్ల వరస దాదాపు ఒకేలా వస్తుందట! పరిశోధనలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో తేలిన మాటిది. తొందరపడ్డవాళ్లకు దక్కే లాభం ఒకటే: కిందపడ్డప్పుడు ముందుపళ్లు విరిగే ప్రమాదం తగ్గుతుంది. పై పళ్లు 3 మిల్లీమీటర్ల కంటే ముందుకుంటే దెబ్బ తగిలే అవకాశం సుమారు రెండింతలు మరి! కాబట్టి మీ వాడు కోతికొమ్మచ్చి వీరుడైతేనో, బడిలో వెక్కిరింతలకు కుమిలిపోతుంటేనో ముందే మొదలుపెట్టడంలో అర్థముంది. లేకుంటే ఆగండి.

● ఆగకూడనివీ ఉన్నాయి! కింది పళ్లు పై పళ్లకు బయట పడుతుంటే పదేళ్లలోపే చూపించాలి, ఆ వయసులో పై దవడను ముందుకు లాగడం తేలిక. స్పెయిన్ రాజు రెండో చార్లెస్‌కు (1661–1700) ఆ వైద్యం లేదు పాపం, వంశపారంపర్యంగా వచ్చిన కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి తిండి నమలడమే కష్టమయ్యేది.

● నోటి పైకప్పును తాళంచెవితో తిప్పి వెడల్పు చేయవచ్చు! 1860లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏంజెల్ అనే డాక్టరు మర పరికరం పెట్టి రెండు వారాల్లో ఓ అమ్మాయి పై దవడను పావు అంగుళం పెంచాడు. ఆ మాట అప్పట్లో తోటివాళ్లే నమ్మలేదు. ఇప్పటి పరికరాల్లో ఒక్క తిప్పుకు సాధారణంగా పావు మిల్లీమీటరు. కౌమారం దాటితే అంగిలి మధ్య అతుకు బిగిసిపోతుంది, అందుకే దీనికి చిన్న వయసే మంచిది.

● పళ్ల డాక్టరు చేతికి ఎక్స్-రే తీయమంటే ఆశ్చర్యపోకండి! బొటనవేలి మొదట్లో కనిపించే చిన్న ఎముక, పిల్లవాడు ఏపుగా ఎదిగే కాలం దగ్గరపడిందో లేదో చెబుతుంది. దవడ ఎదుగుదలను వాడుకునే వైద్యానికి అదే ముహూర్తం. ఆడపిల్లలకు ఆ కాలం మగపిల్లల కంటే సుమారు రెండేళ్లు ముందే వస్తుంది, అందుకే అక్క వయసుకే తమ్ముడికీ అంటే కుదరదు.

● పన్ను కదలడానికి ఎంత బలం కావాలి? ఆపకుండా నొక్కుతూ ఉంటే రెండు గ్రాములైనా చాలని 1967లో ఒక ప్రయోగంలో తేలింది. మన రూపాయి బిళ్ల బరువు అంతకంటే ఎక్కువ!

● అయినా క్లిప్పులు పెట్టిన పన్ను కదిలేది నెలకు సుమారు ఒక్క మిల్లీమీటరే. నొక్కిన వైపు ఎముక కరగాలి, వదిలిన వైపు కొత్త ఎముక పుట్టాలి. తొందరపెడితే అవుతుందా?

● క్లిప్పులు పంటికి అతుక్కునే రహస్యం రంగుల పరిశ్రమ నుంచి వచ్చింది! లోహానికి రంగు బాగా పట్టడానికి ముందు యాసిడ్ రాస్తారని గమనించిన బ్యూనోకోర్ అనే పళ్ల డాక్టరు 1955లో అదే పని పంటి మీద చేశాడు. నల్గొండ లాంటి చోట్ల ఫ్లోరైడ్ సోకిన పళ్ల మీద ఈ యాసిడ్ సరిగా పట్టదు, క్లిప్పులు మాటిమాటికీ ఊడొస్తుంటాయి.

● పంటి రంగులో ఉండే క్లిప్పులకు క్షిపణులతో చుట్టరికం! వేడిని పసిగట్టి వెంటాడే క్షిపణుల కోసం తయారుచేసిన పింగాణీ లాంటి పదార్థమే 1980లలో పిల్లల నోట్లోకి వచ్చింది.

● థాయ్‌లాండ్‌లో కుర్రకారు సోకు కోసం ఉత్తుత్తి క్లిప్పులు పెట్టుకున్నారు! సంతల్లో అమ్మే ఆ తీగలు నోటికి ప్రమాదమని ప్రభుత్వమే నిషేధించాల్సి వచ్చింది.

● వైద్యం పూర్తయ్యాక పళ్లు వెనక్కి నడుస్తాయి! అందుకే క్లిప్పులు తీశాక పళ్లను కదలకుండా పట్టి ఉంచే రిటైనర్‌ను రాత్రిళ్లు పెట్టుకోమంటారు, మానేస్తే వరస మళ్లీ చెదురుతుంది. కాబట్టి పిల్లవాడి వయసు ఎంతని లెక్కపెట్టడంతో పాటు, రోజూ సరిగా తోముకుంటాడా, చెప్పింది పెట్టుకుంటాడా అన్నది కూడా చూసుకోండి. ఆ రెండూ చేయని పద్నాలుగేళ్ల వాడి కంటే చేసే పదేళ్ల పిల్లే క్లిప్పులకు సిద్ధంగా ఉన్నట్టు!